పునర్నిర్మాణమా, మరమ్మతా, ఇంకేదన్ననా? బొడ్రాయి కార్డు మీద మా ఇంట్ల పడ్డ లొల్లి

మొన్న ఎండకాలం మా ఊర్ల బొడ్రాయి పండుగ పెట్టుకున్నరు, బొడ్రాయి అంటే ఊరి నడుమ నిలబెట్టి మొక్కే రాయి. దేవరకొండ దిక్కు చిన్న ఊరు మాది. పాత బొడ్రాయి సగం భూమిల కూరుకపోయింది, సీసీ రోడ్డు ఏసినప్పుడు ఇంకింత కిందికి పోయి ఎవ్వరికి కనిపియ్యకుండ అయింది, అందుకని కొత్తగ పెడదామని పెద్దమనుషులు కూసొని మాట్లాడుకున్నరు, ఇంటికింత అని చందాలు ఏసుకున్నరు, కార్డు కొట్టిచ్చిండ్రు. ఆ కార్డు ఫొటో మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల పడ్డది. పెద్ద అక్షరాలల్ల "నాభిశిల (బొడ్రాయి) పునర్నిర్మాణ మహోత్సవం" అని ఉంది.

పది నిమిషాలు కాలే, మా పెద్దనాయిన వాయిస్ మెసేజ్ పెట్టిండు. "ఎవడ్రా ఇది రాసింది? రాయిని నిర్మాణం చేస్తర్రా? అది ఇల్లా, బడా? రాయిని నిలబెడ్తరు, ప్రతిష్ఠ చేస్తరు." మా చిన్నాయిన కొడుకు ఊకోలే. "ఏదైతేంది పెద్దనాయినా, పునః అంటే మళ్ల అనే గద, మళ్ల చేస్తున్నం, అంతే" అన్నడు. ఇంకొకరు జీర్ణోద్ధరణ అని పెట్టాలె అన్నరు, మా బావ ఒకాయన "మరమ్మతు అని పెట్టున్రి, సర్కారు పైసలన్న వస్తయ్" అని నవ్వే బొమ్మలు నాలుగు పెట్టిండు. రాత్రి పదకొండు దాక అదే లొల్లి. ఆఖరికి నా మీద పడ్డరు, నువ్వు తెలుగు చదివినవ్ గద నువ్వు చెప్పు అని. గ్రూపుల టైపు చేస్తే ఒడిసే ముచ్చట కాదిది, అందుకే ఇట్ల పెద్దగ రాస్తున్న.

ముందుగాల అసలు మాట చూద్దాం. పునర్నిర్మాణం అంటే పునః, నిర్మాణం, రెండు కలిసి మళ్ల కట్టుడు, ఇంతవరకు అందరికి ఎరికే. కాని నిర్మాణం అన్న మాట లోపట ఉన్న ధాతువు 'మా', సంస్కృతంల దానికి కొలుచుడు అని అర్థం, ప్రమాణం, పరిమాణం అన్నీ దాని నించి పుట్టినయే. అంటే నిర్మాణం అంటే ఉత్తగ లేపుడు కాదు, కొలిచి లేపుడు. మన దగ్గర ఇల్లు మొదలువెట్టేటప్పుడు మేస్త్రి ఏం చేస్తడు, తాడు పట్టి కొలిచి జాగల ముగ్గు పోస్తడు, ఆ ముగ్గు మీదనే పునాది తవ్వుతరు. అందుకని నేను ఒక మోటు లెక్క పెట్టుకున్న: మళ్ల ముగ్గు పోసే పనైతే అది పునర్నిర్మాణం, ముగ్గు అక్కర లేకుంట అయిపోయే పనైతే దానికి వేరే పేరు ఉంటది, ఎతుక్కోవాలె. ఇది ఏ డిక్షనరీల ఉండదు, నా సొంతం, కాని చాన చోట్ల పనిచేస్తది, కొన్నిచోట్ల పనిచెయ్యది, అది కూడ చెప్త.

పునాది అంటే యాదికొచ్చింది. చానమంది అనుకుంటరు పునాదిల ఉన్న 'పున' పునః నించి వచ్చిందని, మా గ్రూపుల కూడ ఒకరు అన్నరు. కాదు. పునాది ఫారసీ బునియాద్ నించి ఉర్దూ మీదికెళ్లి మనకొచ్చింది, ఆ 'బు' మన నోట్ల 'పు' అయింది. పునర్నిర్మాణంకు పునాదికి చుట్టరికమే లేదు, మొఖాలు మాత్రం ఒక్క తీరు ఉన్నయి.

మరమ్మతు కూడ అట్లనే, అరబ్బీ మాట, నిజాం కచ్చేరిల నించి ఊర్లల్లకు దిగింది. అసలు మాటల 'మ' ఒత్తు ఉంటది, 'త' ఒత్తు ఉండది, అందుకని మరమ్మతు అని రాయాలె, బోర్డుల మీద "మరమ్మత్తులు" అని రాస్తే అది రెండు ఒత్తులు పెట్టి బలంగ చేసినట్టు అనిపిస్తది కాని తప్పే. ఇది సర్కారు మాట అయింది ఇప్పుడు. రోడ్డుకు మరమ్మతు, తూముకు మరమ్మతు, బడి కప్పుకు మరమ్మతు. మనుషులు నోట్లకెళ్లి మాట్లాడేటప్పుడు మాత్రం రిపేరే. ఫ్యాను రిపేరుకిచ్చిన అంటం, ఫ్యాను మరమ్మతుకిచ్చిన అంటే అవతలోడు మొఖం చూస్తడు. ఇంకా పాతోళ్లైతే బాగుచేయిచ్చిన అంటరు, ఖరాబైంది బాగుచేయిచ్చిన, అయిపోయింది, ఆ రెండు మాటలల్లనే రోగం, మందు రెండూ ఉన్నయి.

మరమ్మతుకు, పునర్నిర్మాణంకు తేడా ఎంతుందో నాకు తెలిసింది భాష చదివినప్పుడు కాదు. ఒక వానకాలం ముసురు పట్టి మా పాత ఇంటి పెద్దగోడ పడ్డది. మట్టిగోడ, గూనపెంకల ఇల్లు. గోడ పడితే దాని మీది దూలం ఒరిగింది, గూనలు జారి సగం పలిగినయి. నాయిన దరఖాస్తు రాయిచ్చిండు, రాసినాయన "ఇల్లు మరమ్మతు నిమిత్తం" అని రాసిండు, ఆయన అలవాటుగ రాసిండు అంతే. ఆఫీసుల చూసినాయన "మరమ్మతు అంటే పాక్షికం కింద పోతది, పూర్తిగ కూలిన దాని కిందికి రాదు" అన్నడు. సర్కారు లెక్కల వానకు, వరదకు దెబ్బతిన్న ఇండ్లను పూర్తిగ కూలినయి, పాక్షికంగ దెబ్బతిన్నయి అని వేరే వేరే చూస్తరు, పాక్షికం అనాలన్నా కనీసం 15 శాతం దెబ్బతినాలె. సరే అని నాయిన పునర్నిర్మాణం అని మార్చి రాయిచ్చుకపోయిండు. అప్పుడేమో "మూడు గోడలు నిలవడి ఉన్నయి గద, పునర్నిర్మాణం ఎట్లైతది" అన్నరు. మూడు గోడల ఇంట్ల ఎవరన్న పండుతరా అని నాయిన అడిగిండు, దానికి ఆ కాయితంల గడి లేదు. నెల తిరిగి తిరిగి విడిసిపెట్టిండు. నాలుగో గోడ మేమే ఇటుకతోని కట్టుకున్నం, దూలం మల్ల ఎక్కిచ్చినం, గూనలు సదిరినం. ఆ పనిని మా అవ్వ ఏమన్నదో తెలుసా, "ఇల్లు సదురుకున్నం" అన్నది. మరమ్మతు కాదు, పునర్నిర్మాణం కాదు, సదురుడు. చెదిరినయి, సదురుకున్నం, అంతే.

అసలు ఊర్లల్ల ఈ పనులకు ఉన్నన్ని మాటలు పేపర్లల్ల లేవు. గుడిసెకు కొత్త గడ్డి పెడితే కప్పుడు. గూనలు తీసి పలిగినయి పక్కకేసి మంచియి మల్ల పేరిస్తే సదురుడు. గోడకు మట్టి మెత్తితే మెత్తుడు, పేడతోని అయితే అలుకుడు. బట్టకు అయితే అతుకు. ఇత్తడి బిందెకు బొక్క పడితే మాటు ఏపిచ్చుడు, లోపట కళాయి పోతే కళాయి పోయిచ్చుడు, ఇప్పుడు ఆ పని చేసేటోళ్లే కనిపిస్తలేరు అనుకో. మగ్గం మీద ఒక పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కియ్యాలంటే పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి కలిపి అతుకుతరు, వేల పోగులు, అది కూడ అతుకుడే. ఇన్ని పనులకు ఇన్ని మాటలున్నయి, ప్రతి మాటల పాతది ఎంత మిగిలింది, కొత్తది ఎంత పడ్డది అన్నది చెప్పకుంటనే తెలుస్తది. అతుకు అంటే పాతది ఎక్కువ కొత్తది తక్కువ. కప్పుడు అంటే కింద పాతది మీద కొత్తది. కూలగొట్టి కట్టుడు అంటే ఇగ పాతది లేదు. పేపరోళ్లు ఈ మూడింటికి కలిపి పునర్నిర్మాణం అని ఒకటే మాట పడేస్తరు, నాకు కోపమొచ్చేది అక్కడనే.

కరెంటు మోటరు ముచ్చట చూడున్రి. లో ఓల్టేజీకి మోటరు కాలిపోతది, మెకానిక్ కాలిన రాగి తీగ మొత్తం పీకేసి కొత్త తీగ చుడ్తడు. గుండెకాయ మార్చినట్టే అది, నా లెక్కల మోటరు పునర్నిర్మాణం అంటే అదే, కాని రైతు ఏమంటడు, "వైండింగుకు ఏసిన" అంటడు. రీవైండింగ్ అని కూడ అనడు, ఆ 'రీ' ఎప్పుడో రాలిపోయింది, ఎందుకంటే మా దిక్కు మోటరుకు మొదటి వైండింగ్ ఎవ్వడు చూడలే, చూసేదంతా రెండోది, మూడోది, నాలుగోదే. ట్రాక్టరు ఇంజను పని కూడ అంతే, ఇంజను దించిండ్రు అంటరు, ఆ దించుట్లనే మొత్తం వచ్చింది.

హైదరాబాద్ల ఉన్న మా చుట్టాలు మాత్రం రెనోవేషన్ అంటరు. ఫ్లాటుల బాత్రూం టైల్స్ మార్చినా రెనోవేషనే. ఆ మాటకు కొంచెం స్టేటస్ ఉంది, రిపేరు అంటే ఖరాబైందని ఒప్పుకున్నట్టు, రెనోవేషన్ అంటే మంచిగున్నా ఇంకింత మంచిగ చేసుకున్నట్టు. తెలుగుల దీనికి నవీకరణ అని ఒక మాట ఉంది, పాపం సర్కారు కాయితాలల్ల తప్ప ఎవ్వరి నోట్ల పడదు.

ఇగ చెరువుల కాడికి వద్దాం, ఇక్కడ మాట పునరుద్ధరణ. ఉద్ధరణ అంటే పైకి లేపుడు, కింద పడ్డదాన్ని, మునిగినదాన్ని పైకి తెచ్చుడు. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంల 46 వేలకు పైగ చెరువులను చెయ్యాలని పెట్టుకున్నరు, దానికి పెట్టిన మాట చెరువుల పునరుద్ధరణ. పునర్నిర్మాణం అని పెట్టలే, మంచిగ ఆలోచించే పెట్టిండ్రు అనుకుంట. ఎందుకంటే చెరువు ఎక్కడికి పోలే, కట్ట ఉంది, నీళ్లు నిలిచే శిఖం జాగ ఉంది, లోపట మట్టి నిండి నీళ్లు నిలుస్తలేవు. చేసిన పని ఏంది, పూడిక తీసుడు, ఆ ఒండ్రు మట్టి పొలాలల్లకు తోలుకునుడు, కట్టకు మట్టి పోసి గట్టిచేసుడు, తూము, మత్తడి మరమ్మతు. అంటే లోపట చిన్న చిన్న పనులన్నీ మరమ్మతులే, అన్నీ కలిస్తే వచ్చే ఫలితం పునరుద్ధరణ. పని పేరు వేరు, ఫలితం పేరు వేరు, ఈ రెండింటిని కలుపుతున్నం మనం. కేంద్రం స్కీము ఒకటి ఉంది, ట్రిపుల్ ఆర్ అంటరు, మరమ్మతు, నవీకరణ, పునరుద్ధరణ అని మూడు మాటలు వరుసగ పెట్టిండ్రు, అండ్ల కూడ ఒక్కో మెట్టు ఎక్కుకుంట పోయి ఆఖరికి పునరుద్ధరణ కాడ ఆగుతది.

నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చూసినోళ్లకు ఇంకొక అనుమానం రావాలె. కందూరు చోడ రాజుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, కృష్ణ నీళ్లు వచ్చి అండ్ల పడ్తయ్. మరి దాన్ని ఏమనాలె? పునరుద్ధరణ అనలేం, ఎందుకంటే పాత పని కాదు అది ఇప్పుడు చేసేది, కొత్త పని. పునర్నిర్మాణం అనలేం, జాగ అదే, పేరు అదే. నా ముగ్గు లెక్క ఇక్కడ పనిచెయ్యది. పాత ఇంట్ల కొత్త కాపురం పెట్టినట్టు అది.

కాలువలకు వచ్చెవరకు మాట మల్ల మారిపోతది, ఆధునికీకరణ అయితది. అలంపూర్ దిక్కు రాజోలిబండ మళ్లింపు పథకం, ఆర్డీఎస్ అంటే అందరికి తెలుస్తది, 87,500 ఎకరాల ఆయకట్టు అని కాయితం మీద ఉంటది, చివరి భూములకు నీళ్లు అందనే అందవు, దాని మీద జరిగిన కొట్లాటలన్నిట్ల ఈ ఆధునికీకరణ మాటనే ఉంటది. ఆనకట్టనేమో కర్ణాటకల ఉంది, నీళ్లు పారేది ఇక్కడ. కాలువను కొత్తగ తవ్వుతలేరు, లైనింగ్ చేస్తరు, షట్టర్లు మారుస్తరు, కాని మరమ్మతు అంటే చిన్నపనిలాగ అనిపిస్తది, బడ్జెట్ కూడ చిన్నగనే వస్తది, అందుకని ఆధునికీకరణ. సాగర్ కాలువలకు ప్రపంచ బ్యాంకు పైసలతోని చేసిన పనికి కూడ అదే పేరు. 2024 ఆగస్టుల తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకపోయినప్పుడు మాత్రం ఈ పెద్ద మాటలేవీ రాలే, గేటు పోయింది, స్టాప్ లాగులు దింపి నీళ్లు ఆపిండ్రు, టీవీలల్ల కూడ అట్లనే చెప్పిండ్రు. ఆపద మీద ఉన్నప్పుడు తత్సమాలు గుర్తుకురావు మనకు.

ఇప్పుడు గుడి. మా బొడ్రాయి లొల్లి తెగాలంటే ఇది తెలవాలె. గుడికి సంబంధించిన సొంత మాట జీర్ణోద్ధరణ. జీర్ణం అంటే అరిగిపోయింది, పాతవడి శిథిలమైంది, తిన్నది జీర్ణమయ్యుడు కూడ అదే మాట. ఆగమాల ప్రకారం గుడిని ఊరికెనే కూలగొట్టరాదు, ముందు అండ్ల ఉన్న శక్తిని కలశంలకు తెస్తరు, బాలాలయం అని చిన్న గుడి పెట్టి పూజలు అండ్ల నడిపిస్తరు, ఇక్కడ పని అయినంక మల్ల ప్రతిష్ఠ, ఆ మీద వైష్ణవులైతే మహాసంప్రోక్షణ, శైవులైతే కుంభాభిషేకం. అంటే జీర్ణోద్ధరణ అన్న మాటల కట్టుడు ఒక భాగమే. యాదగిరిగుట్టల చూసినం గద, బాలాలయం పెట్టి ఏండ్ల పాటు దర్శనాలు అండ్లనే చేయిచ్చిండ్రు, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ చేసి కొత్త ఆలయం తెరిసిండ్రు. సర్కారు దానికి పునర్నిర్మాణం అనే మాట వాడింది. గుట్ట గుహల స్వయంభూ స్వామి అట్లనే ఉన్నడు, సుట్టు మొత్తం కృష్ణశిలతోని కొత్తగ కట్టిండ్రు. స్వామి దిక్కుకెళ్లి చూస్తే జీర్ణోద్ధరణ, గోపురాల దిక్కుకెళ్లి చూస్తే పునర్నిర్మాణం, రెండూ నిజమే.

అలంపూర్ పోతే ఇంకా మంచిగ అర్థమైతది, ఒక్క ఊర్లనే రెండు తీర్లు ఉన్నయి. జోగులాంబ అమ్మవారి పాత గుడి ఎన్నడో 14వ శతాబ్దంల కూలగొట్టిండ్రు. అమ్మవారిని బాలబ్రహ్మ ఆలయంల పెట్టి వందల ఏండ్లు అక్కడనే పూజలు చేసిండ్రు, 2005ల కొత్త గుడి కట్టి అండ్లకు తెచ్చిండ్రు. గుడి చచ్చిపోయింది, దేవత బతికింది, ఆ దేవత కోసం కొత్త గుడి. ఇది పునర్నిర్మాణం, ముగ్గు కొత్తగ పోసిందే. అదే ఊర్ల కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. అది పుట్టింది అలంపూర్ల కాదు, కృష్ణ, తుంగభద్ర కలిసే కాడ. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునుగుతదని రాయి రాయికి నంబరు ఏసి, విప్పి, అలంపూర్కు తెచ్చి అదే వరుసల మల్ల పేర్చిండ్రు. ఒక్క రాయి కొత్తది కాదు అనుకున్నా జాగ మాత్రం కొత్తది. దీనికి ఏం మాట? పునర్నిర్మాణం అనే అంటరు పుస్తకాలల్ల, కాని జోగులాంబ గుడి పునర్నిర్మాణం, ఇది పునర్నిర్మాణం, రెండు ఒకటెట్లైతయి? అక్కడ జాగ పాతది రాయి కొత్తది, ఇక్కడ రాయి పాతది జాగ కొత్తది. తరలింపు అంటే సామాను లారీల ఏసుకపోయినట్టుంది. నేనైతే మా అవ్వ మాటనే వాడ్త, విప్పి సదిరిండ్రు.

గుడికి రాయి రాయికి నంబర్లు పడ్డయి, సంగమం కాడి ఊర్లకు అట్ల పడలే. శ్రీశైలం ముంపుల మునిగిన ఊర్లోళ్లకు సర్కారు వాడిన మాట పునరావాసం. పునః, ఆవాసం, మల్ల ఉండేతందుకు ఒక జాగ. మాట అందంగనే ఉంది. అక్కడోళ్లు మాత్రం ఆ మాట అనరు, ముంపు అంటరు, "మా ఊరు ముంపుల పోయింది" అంటరు. కొల్లాపూర్ దిక్కు వాళ్ల కథకు ఇంకొక పేరు ఉంది, 98 జీవో. ముంపుల భూములు పోయిన కుటుంబాలకు ఉద్యోగం ఇస్తమని 1986ల ఇచ్చిన జీవో అది, ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూసుకుంట మనుషులు ముసలోళ్లైపోయిండ్రు. అక్కడ పునరావాసం అంటే ఎవ్వరికి ఏ కోపం రాదు, 98 జీవో అంటే మాత్రం గంట సేపు చెప్తరు. పునరావాసం అన్న మాటల ఇల్లు ఉంది కాని బతుకుదెరువు లేదు, అందుకే వాళ్లు దాన్ని పట్టించుకోరు అనిపిస్తది నాకు.

పాలమూరు లేబరు సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె. దేశంల ఎక్కడెక్కడో డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మట్టి పని చేసింది వాళ్లు, గుంపు మేస్త్రీల ఎంట పోయి నెలలకు నెలలు ఆడనే ఉండి కట్టిండ్రు. తిరిగి ఊరికొస్తే వాళ్ల సొంత ఇంటి గోడ ఒరిగి ఉండేది. వాళ్లకు నిర్మాణం, పునర్నిర్మాణం అన్న మాటలు తెల్వవు, "పనికి పోయిన" అంటరు, అంతే. 2014 జూన్ 2 నించి రెండు మూడేండ్లు ఏ మీటింగుల చూసినా తెలంగాణ పునర్నిర్మాణం అన్నరు, అది విన్నప్పుడల్ల నాకు బొంబాయి బస్సు ఎక్కెటోళ్లే కండ్ల ముందుకొచ్చేది.

రాష్ట్రం ముచ్చటల ఇంకొక తిరకాసు. 2014 చట్టం పేరు పునర్వ్యవస్థీకరణ చట్టం. పేపర్లల్ల పునర్విభజన చట్టం అని కూడ రాస్తరు, మామూలు మనుషులు విభజన చట్టం అంటరు. చట్టం ఒక్కటే, మూడు పేర్లు. పునర్వ్యవస్థీకరణ అంటే మల్ల ఒక పద్ధతిల పెట్టుడు, ఇంట్ల సామాను సదిరినట్టు, కోపం తాపం లేని మాట. విభజన అంటే ముక్కలు చేసుడు, ఆ మాటల బాధ ఉంది. పునర్విభజన అంటే మల్ల ముక్కలు చేసుడు, అంటే ఇదివరకు ఒకసారి చేసిండ్రు అన్నట్టు. ఎవరు ఏ పేరు వాడుతున్నరో చూస్తే వాళ్లది ఏ దిక్కో సగం తెలిసిపోయేది అప్పట్ల. నియోజకవర్గాలకు కూడ పునర్విభజననే అంటరు, మిర్యాలగూడ లోక్‌సభ సీటు పోయి భువనగిరి సీటు వచ్చింది ఆ లెక్కల, 2009 ఎన్నికల నించి. 2016 అక్టోబర్ 11న నల్లగొండ జిల్లా మూడైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019ల నారాయణపేట ఇంకొకటి. దీన్ని ఒక్కడు కూడ ఊర్ల పునర్వ్యవస్థీకరణ అనలే, జిల్లాలు చీల్చిండ్రు అన్నరు, పాలోళ్లు భూమి పంచుకున్నట్టు.

పానం ఉన్నదానికి మాత్రం నిర్మాణం అన్న మాటనే పనికిరాదు, అక్కడ పునరుజ్జీవనం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఏడు వందల ఏండ్ల చెట్టు అంటరు, చెదలు పట్టి కొమ్మలు ఇరిగి పడ్డయి. 2018ల ఆ చెట్టుకు దవాఖానల మనుషులకు పెట్టినట్టు సెలైన్ బాటిళ్లు యాలాడదీసి చెదల మందు చుక్క చుక్క ఎక్కిచ్చిండ్రు, ఆ ఫొటోలు దేశమంతా తిరిగినయి. చెట్టును ఎవ్వడూ మళ్ల కట్టలేడు, ఉన్న పానాన్ని కాపాడుడే. మూసీకి కూడ ఇదే మాట పెట్టిండ్రు, పునరుజ్జీవం. సుందరీకరణనా, పునరుజ్జీవమా అని 2024ల పెద్ద వాదులాటనే నడిసింది. ఒడ్డు మీద పార్కులు, లైట్లు పెడితే సుందరీకరణ, నీళ్లు మంచిగైతే పునరుజ్జీవం. హైదరాబాద్ల ఉన్నోళ్లకు ఈ రెండు ఒకటే అనిపియ్యొచ్చు, అదే మూసీ మా జిల్లాల పారి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది, ఆ నీళ్లతోని వరి పెట్టెటోన్ని అడుగు, పార్కు కావాల్నా నీళ్లు కావాల్నా అని. పైన పటారం లోన లొటారం అని ఊకె అనలే పెద్దలు.

రాసుడు గురించి కొంచెం, ఎందుకంటే కార్డుల తప్పులన్నీ ఇక్కడనే వస్తయ్. పునః అన్నదానికి అచ్చు గాని, గ జ ద బ న మ వ ల అసొంటి అక్షరం గాని తగిలితే ర్ వస్తది: పునరావాసం, పునరుద్ధరణ, పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్వివాహం. క, ప, స, శ తగిలితే విసర్గ అట్లనే ఉంటది: పునఃప్రారంభం, పునఃప్రతిష్ఠ, పునఃసమీక్ష. చ తగిలితే పునశ్చరణ. ర తగిలితేనే తమాషా, ఒక ర రాలిపోయి ముందు అచ్చు సాగుతది, పునారచన, కాని పునర్రచన అని రాసెటోళ్లే ఎక్కువ, అది నడిసిపోతున్నది. "పునర్ ప్రారంభం" అని రాసుడు మాత్రం తప్పు, "మళ్లీ పునఃప్రారంభం" అనుడు ఇంకా తప్పు, మళ్ల మళ్ల మొదలువెట్టినట్టు. ఫోన్ల విసర్గ ఎక్కడుందో దొరకక చానమంది ఇంగ్లీషు చుక్కలు రెండు పెడ్తరు, చూస్తే ఒక్క తీరు ఉంటది కాని అది విసర్గ కాదు. ఉద్ధరణల ద కింద ధ ఒత్తు రావాలె, అది కూడ చూసుకోవాలె.

మనిషి మళ్ల నిలవడుడు గురించి చెప్పకుంట ఎట్ల. అండ్ల ఒక్క పునః కూడ లేదు, చూడున్రి. ఇంట్ల ఎవరన్న పోయి ఆ దుఃఖంల నించి బయటవడితే తేరుకున్నడు అంటం, బురద నీళ్లు కదలకుండ పెడితే మట్టి కిందికి దిగి పైన తేట అయితది గద, అదే తేరుడు. రోగం నించి, అప్పుల నించి బయటవడితే కోలుకున్నడు. పత్తి చేను వానల్లేక వాడిపోయి ఒక్క వానకు మల్ల లేస్తే పుంజుకున్నది అంటం, ధరలు పుంజుకుంటయ్, పార్టీలు కూడ పుంజుకుంటయ్, కాని దుఃఖం నించి పుంజుకున్నడు అంటే వినబుద్ధి కాదు. బొంబాయి నించి వచ్చి ఊర్ల దుకాణం పెట్టుకొని స్థిరమైతే కుదురుకున్నడు, కుండ కింద కుదురు పెడితే కుండ ఒరగకుండ కూసుంటది గద. మా నాయిన గోడ కట్టుకున్నంక ఎవరో అడిగితే "ఏదో ఇంత నిలవడ్డం" అన్నడు. నిలవడ్డది గోడనా, మేమా అన్నది ఆయన చెప్పలే.

ఇగ బొడ్రాయి. పెద్దనాయిన అన్నదే కరెక్టు. రాయిని కట్టరు, నిలబెడ్తరు, కాబట్టి పునఃప్రతిష్ఠ. జీర్ణోద్ధరణ అన్నా పూర్తి తప్పు కాదు, కాని అది గుడి అయితే సొగసు. మరమ్మతు అన్న బావకు మాత్రం చెప్పేదేం లేదు. ఇదంతా కొంచెం చిన్నగ చేసి గ్రూపుల పెట్టిన, సరే అన్నరు, మిగిలిన కార్డులు ఆపి కొత్తయి కొట్టిచ్చిండ్రు. రెండు రోజులకు కొత్త కార్డు ఫొటో వచ్చింది. "పున:ప్రతిష్ట" అని ఉంది, విసర్గ జాగల రెండు చుక్కలు, ఠ జాగల ట. పెద్దనాయిన వాయిస్ మెసేజ్ కోసం చూసినం అందరం. చాన సేపటికి వచ్చింది, "మంచిగుంది, ఆడబిడ్డలందరికి పంపున్రి, ఊరు కట్టడి చేసి రాకపోకలు ఆపేలోపు వచ్చి చేరాలె అని చెప్పున్రి" అన్నడు.